ఊదని ఈల

నాకు నాలుగు ఈలలే వచ్చు. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, ముందుకు నడవమని ఒకటి, ఉన్నచోట పడుకోమని ఒకటి. మడత పెట్టిన రేకు ముక్కని నాలుక మీద పెట్టుకుని ఊదడం మా నాన్న నేర్పాడు. అప్పుడు నాకు పదేళ్ళు, ఇప్పుడు అరవై ఆరు. ఇన్నేళ్ళలో ఏడు కుక్కలు నా దగ్గర పనిచేశాయి, ఒకదాని తర్వాత ఒకటి. అన్నిటికీ అవే ఈలలు. మా లోయలో రెండు కుక్కల్ని ఒకేసారి నడిపే మొనగాళ్ళున్నారు. వాళ్ళు దేని ఈలలు దానికి వేరుగా నేర్పుకుంటారు, లేకపోతే ఒకదాన్ని కుడికి పంపితే రెండూ పోతాయి. నాకు ఆ బాధ లేదు. ఒకటి పోయాకే ఇంకోటి వచ్చేది.

పోవడం అంటే ఏమిటో కూడా చెప్పేస్తాను, దాచడం దేనికి. కుక్కకి కాళ్ళు పడిపోయి గొర్రెల వెంట వెళ్ళలేకపోతే మా నాన్న తుపాకీ తీసుకుని దాన్ని కొట్టం వెనక్కి నడిపించుకుపోయేవాడు. తిరిగి ఒక్కడే వచ్చేవాడు. నేనూ మూడుసార్లు వెళ్ళాను కొట్టం వెనక్కి. ఈ వేల్స్ కొండల్లో గొర్రెల మీద బతికేవాడి ఇంట్లో ఇది వింతేమీ కాదు.

నెల్ ఏడోది. నల్లది, మెడ చుట్టూ తెల్లటి పట్టీ, ఒక చెవి నిలబడి ఇంకోటి వాలి ఉండేది. పదకొండేళ్ళలో నేను ఈల రెండోసారి ఊదాల్సిన అవసరం రానివ్వలేదు. అలాంటిది, పోయిన శరత్తులో కొండమీద నుంచి మంద దించుతుంటే సగం దారిలో తనంతట తాను కూలబడింది. నేను పడుకోమని ఊదలేదు. వెనక కాళ్ళు రెండూ వణుకుతున్నాయి, నా ముఖం వంక చూడకుండా పక్కకి చూస్తోంది. ఇక దీని పని అయిపోయిందని ఆ రోజే తీర్మానం చేసుకున్నాను. ఆ వారంలోనే కాప్‌గాణ్ణి కొన్నాను, ఏడాది నిండని మగకుక్క. చలికాలమంతా కొట్టం ముందు మైదానంలో వాడికి పని నేర్పాను. ఏ ఈలలతో? ఇంకేముంది, నాకొచ్చిన ఆ నాలుగింటితోనే.

మా అక్క ఐర్వెన్ వంటింటి కిటికీలోంచి చూసి ఒకరోజు గట్టిగానే అంది. ఆవిడ నాకన్నా ఐదేళ్ళు పెద్ద. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఇద్దరం ఈ ఇంట్లోనే ముసలివాళ్ళమయ్యాం.

"ఒరేయ్, వాడికి వేరే ఈలలు పెట్టరా."

"ఈ వయసులో నా నోరు కొత్తవి నేర్చుకుంటుందా అక్కా?"

"నీ సంగతి కాదు నేననేది. నెల్ ఇంకా బతికే ఉంది. నువ్వు ఊదినప్పుడల్లా పొయ్యి దగ్గర లేవబోయి పడుతోంది."

"అది ఇక పనికెళ్ళదు కదా."

"పనికెళ్ళదేమో. చెవులున్నాయిగా."

నేను చెవిన పెట్టలేదు. దానికి ఎలాగూ రోజులు దగ్గరపడ్డాయి, కొన్నాళ్ళకి ఈలలన్నీ కాప్‌గాడివే అవుతాయి అనుకున్నాను. బతికున్నదాన్ని నేను అప్పుడే లెక్కలోంచి తీసేశాను. తప్పు అక్కడ మొదలైంది.

అక్కకి తుంటి కీలు అరిగిపోయి మూడేళ్ళు. ఆస్పత్రివాళ్ళు కీలు మారుస్తామని పేరు రాసుకుని రెండేళ్ళయింది, ఇంతవరకు పిలుపు లేదు. పొద్దున్నే మంచం దిగడానికి ఆవిడకి పావుగంట పడుతుంది. దిగి, కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి అక్కడ నెల్ కూడా అదే తంటాలు పడుతుండేది. ముందుకాళ్ళు లేస్తాయి, వెనకవి లేవవు. అక్క దాని పక్కన స్టూలు వేసుకుని, "నీకు ముందా, నాకు ముందా?" అని అడిగేది. ఇద్దరూ పొయ్యి దగ్గర కాసేపు వెచ్చబడ్డాక కదిలేవాళ్ళు.

మార్చిలో ఆవు ఈనలేకపోతే పశువుల డాక్టరమ్మ వచ్చింది. హెలెద్ అని, పక్క లోయ పిల్లే. చిన్నప్పుడు మా చర్చి బడిలో అక్క దగ్గర పద్యాలు నేర్చుకుంది. పని ముగించుకుని టీ తాగడానికి వంటింట్లోకి వచ్చి, నెల్ లేవడం చూసి కప్పు కింద పెట్టేసింది. మోకాళ్ళ మీద కూర్చుని తుంటి దగ్గర నొక్కి చూసింది. నెల్ అరవలేదు, పెదవులు నాక్కుంది అంతే.

"రెండు తుంట్లలోనూ గుజ్జు అరిగిపోయింది మావయ్యా. ఎముకా ఎముకా రాసుకుంటోంది."

"తెలుసమ్మా. నేనే చూసుకుంటాలే."

చూసుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకీ తెలుసు, అక్కకీ తెలుసు. అక్క టీ కెటిల్ పొయ్యి మీద టక్కున పెట్టింది.

"వేరే దారేం లేదా హెలెద్?"

అప్పుడు చెప్పింది ఆ పిల్ల, మూలకణాల వైద్యం సంగతి. నెల్ పొట్ట కింద నుంచి కొవ్వు కొంచెం తీస్తారట. దాన్ని ల్యాబుకి పంపితే అందులోంచి మూలకణాలు వేరుచేసి, కొన్ని వారాలు పెంచి పంపుతారట. వాటినే మళ్ళీ దాని కీళ్ళలోకి సూదితో ఎక్కిస్తారట.

"దాని ఒంట్లోదే దానికి మందా?" అన్నాను.

"అంతే. కానీ నేను గొప్పలు చెప్పను మావయ్యా. కొన్ని కుక్కలకి బాగా పట్టింది, కొన్నిటికి ఏమీ తేడా లేదు. కొత్త ఎముక మొలవదు. కీల్లో వాపు చల్లారుతుంది, నొప్పి తగ్గుతుంది. తగ్గాక ఎనిమిది వారాలు కట్టడి చెయ్యాలి. తాడు కట్టి పది నిమిషాలు నడిపించడం, అంతే. పరుగు లేదు, గెంతు లేదు."

నేను వద్దనే అన్నాను. గొర్రెల కుక్కకి ఇంత హంగామా చేసినవాణ్ణి నేను చూడలేదు, మా నాన్న వింటే నవ్వేవాడు. అక్క నా మాట వినిపించుకోలేదు. తన డబ్బు తను తెచ్చి ఇచ్చింది. "పొద్దున్న లేచేటప్పుడు దానికెలా ఉంటుందో నీకు తెలీదురా, నాకు తెలుసు" అంది. సరేనన్నాను.

మే నెల మధ్యలో సూదులు వేయించాం. రెండు వారాలు ఏ మార్పూ లేదు. మూడో వారంలో ఒక పొద్దున్న నేను వంటింట్లోకి వచ్చేసరికి నెల్ అప్పటికే లేచి నిలబడి ఉంది. నన్ను చూసి తోకూపుతూ నడిచి వచ్చింది, వెనక కాళ్ళు ఈడ్చకుండా. ఆ మాట అక్కతో చెబుదామని ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళాను. అక్క నా ముఖం చూసి, "లేచిందా?" అంది. తల ఊపాను. ఆవిడ మంచం మీద కూర్చునే కళ్ళు తుడుచుకుంది.

ఊళ్ళో ఈ సంగతి పాకిపోయింది. కొండకి అటువైపు పొలం మైరిగ్‌ది. వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం, అప్పట్నుంచీ ఒకళ్ళనొకళ్ళం దెప్పుకుంటూనే ఉన్నాం. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర అందరూ వింటుండగా మొదలుపెట్టాడు.

"ఐర్వెనక్కా, నువ్వు మనిషిగా పుట్టి పొరపాటు చేశావు. రెండేళ్ళయినా నీ తుంటికి దిక్కులేదు. కుక్కవై ఉంటే ఈపాటికి కొండెక్కేదానివి."

అక్క నవ్వింది. "నువ్వెలాగూ మొరుగుతూనే ఉన్నావుగా మైరిగ్, నీ మోకాలికి ఆ కుక్కమందు నువ్వే అడుగు."

వాడు నా వైపు తిరిగాడు. "ఏరా ఇథెల్, నిజం చెప్పు. అది మళ్ళీ మంద దించుతుందా? లేక పొయ్యి దగ్గర పడుకోబెట్టుకోవడానికేనా ఈ వైభోగమంతా?"

నేను గేటు దాటి నడిచాను. కానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఒప్పుకోవాలి.

మా కొండకి గోడలు లేవు. పదకొండు ఇళ్ళ గొర్రెలు పైన కలిసే మేస్తాయి. ఉన్ని కత్తిరింపుకి జూలైలో ఒకరోజు పెట్టుకుని అందరం ఒకేసారి మంద దించుతాం. ఇంటికో మనిషి, మనిషికో కుక్క. జ్వరమొచ్చినా వెళ్తాం, ఇంట్లో శవం లేచినా ఎవరో ఒకరు వెళ్తారు. ఒక్క మనిషి తగ్గితే వరసలో ఖాళీ పడి, అందులోంచి మంద జారిపోయి, పదకొండు ఇళ్ళవాళ్ళ పని పాడవుతుంది.

ఈ ఏడాది ఆ రోజు వచ్చేసరికి నెల్ కట్టడిలో ఏడో వారం. నేను కాప్‌గాణ్ణి తీసుకుని బయల్దేరాను. నెల్ వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది, అక్క టేబులు దగ్గర కూర్చుని కత్తిరింపువాళ్ళ కోసం రొట్టెలు కోస్తోంది. ఎండగా ఉందని పైనొకటి కిందొకటి రెండు రెక్కలున్న తలుపులో పై రెక్క తీసిపెట్టింది, కింది రెక్క గడియ వేసే ఉంది. నా నడుము ఎత్తుంటుంది అది. మొన్నటిదాకా కుర్చీ కూడా ఎక్కలేని కుక్క దాన్ని దూకుతుందని నేనూ అనుకోలేదు, ఆవిడా అనుకోలేదు. గాలి కొండ మీద నుంచి ఇంటివైపు వీస్తోంది. అదీ నేను పట్టించుకోలేదు.

నా చోటు ఎప్పుడూ గద్దబండ పైనే. అక్కడ కొండ ఒక పక్క నిలువుగా విరిగిపోయి ఉంటుంది, గొర్రెలు అటు పోకుండా ఆపి, పక్కనున్న ఇరుకు దారిలోకి మళ్ళించాలి. నాకు ఎడమ పక్క, కేకవేటు దూరంలో మైరిగ్. వాడి కుక్కకి అవతలి వైపు మందతోనే సరిపోతోంది. పొద్దుటి నుంచీ నేను ఎడమకి, ముందుకు, ఎడమకి, ముందుకు అని ఊదుతూనే ఉన్నాను. కాప్‌గాడు బాగానే చేశాడు, పాపం, మొదటిసారి కదా. కానీ బండ దగ్గరికి వచ్చేసరికి మంద రెండుగా చీలింది. అరవై దాకా తల్లులూ పిల్లలూ బండ అంచున గుమిగూడాయి, కాప్‌గాడు వాటికి ఎదురుగా నిలబడి కదలకుండా ఆపుతున్నాడు. మిగిలినవి ఎడమ వైపు వాగులోకి జారుకుంటున్నాయి. కుక్క ఒకటి, మందలు రెండు. ఇక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు వాగు కింద నుంచి ఒక కుక్క వచ్చింది. దూరంగా, బాగా వెడల్పుగా చుట్టు తిరిగి, గొర్రెల్ని బెదరగొట్టకుండా పైకి వస్తోంది. మెడ చుట్టూ తెల్లటి పట్టీ.

"ఏరా, అది నెల్ కదూ?" మైరిగ్ కేకేశాడు.

నెల్లే. పొద్దుటి నుంచీ నేను ఊదిన ఈలలన్నీ అది విన్నది. అవి దాని ఈలలు. పిలుస్తుంటే వచ్చింది.

ఆ క్షణాన నేను చెయ్యాల్సింది ఒక్కటే. పడుకోమని ఊదాలి. అంత దూరానికి మనిషి గొంతు అందదు, ఈల అందుతుంది. ఊదితే నెల్ ఉన్నచోట పడుకునేది. కాప్‌గాడూ పడుకునేవాడు, వాడికీ అదే ఈల కాబట్టి. వాడు పడుకుంటే బండ అంచున ఉన్న గొర్రెలు వెనక్కి తిరిగి కొండెక్కేసేవి, ఆ రోజు పని పోయేది. అందుకే ఊదలేదని నేను చెప్పుకోవచ్చు. విన్నవాళ్ళు తప్పుపట్టరు కూడా. కానీ అది అబద్ధం. గొర్రెలు నాకు గుర్తే లేవు. నా పక్కన మైరిగ్ నిలబడి చూస్తున్నాడు. చూడనీ, అనుకున్నాను. పొయ్యి దగ్గర పడుకునే కుక్కన్నావుగా, చూడు. అది ఎంత బాగా పరిగెత్తిందో చెప్పలేను, రెండేళ్ళ వయసులో పరిగెత్తినట్టు. రేకు నాలుక మీదే ఉంది. ఊదాను.

ముందుకు అని ఊదాను.

కుడి నుంచి కాప్‌గాడు, ఎడమ నుంచి నెల్, ఒక్క ఈలకి రెండూ అడుగు ముందుకేశాయి. చీలిన మంద కలిసిపోయి ఇరుకు దారిలోకి దిగడం మొదలుపెట్టింది. రెండు కుక్కల్ని నడిపే మొనగాణ్ణయిపోయాను ఆ కాసేపు. మళ్ళీ ఊదాను, మళ్ళీ ముందుకే. చివర్లో ఒక గొర్రె మంద విడిచి పాత దొడ్డి రాతిగోడ దూకింది. దాని వెనకే నెల్ కూడా గోడ దూకింది. గొర్రె కనిపిస్తోంది గానీ నెల్ మళ్ళీ కనిపించలేదు.

నేను పరిగెత్తాను. పడ్డాను, లేచాను. గోడ అవతల నెల్ పక్కకి ఒరిగి పడుంది, కుడి వెనక కాలు ఉండాల్సినట్టు లేదు. అయినా తల ఎత్తి, నాలుగు గజాల దూరంలో నిలబడ్డ గొర్రెని చూపుతోనే ఆపి ఉంచింది. గొర్రె కదలడంలేదు. నేను వెళ్ళి మధ్యలో నిలబడే దాకా నెల్ చూపు తిప్పలేదు.

మైరిగ్ వచ్చాడు. కోటు విప్పి నేల మీద పరిచాడు, దాన్ని అందులోకి ఎత్తి, చెరో పక్కా పట్టుకుని ఇద్దరం కొండ దిగాం.

హెలెద్ ఎక్స్‌రే తీసి దీపం ముందు పెట్టి చూపించింది.

"కీలు ఊడి బయటికొచ్చింది. తొడ ఎముక తల కూర్చునే గిన్నె అంచు అరిగిపోయింది కదా, తిరిగి పెట్టినా నిలవదు. ఆ ఎముక తల కోసెయ్యొచ్చు. కానీ మానేదాకా రెండో కాలు బరువు మొయ్యాలి, అదీ అరిగిందే. మొయ్యలేదు మావయ్యా."

"ల్యాబులో దాని కణాలు ఇంకా ఉన్నాయన్నావుగా?"

"ఒక సీసా ఉంది. వాటితో ఊడిపోయిన కీలు అతకదు." ఆ పిల్ల దీపం ఆర్పేసింది. "మందు పనిచేసింది. అదే నా బాధ. నొప్పి ఉన్నన్నాళ్ళూ అదే ఆగేది. నొప్పి పోయాక ఆపడం మన వంతు."

ఆ పిల్లకి కొండ మీద ఏం జరిగిందో తెలీదు. తెలిసి అన్న మాట కాదది.

నొప్పి తెలియకుండా సూది వేసి ఇంటికి పంపింది, పొద్దున్న తనే వచ్చి ఆఖరి సూది వేస్తానంది. అక్క ఇంట్లోనే కావాలంది, కొట్టం వెనక వద్దంది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నెల్‌కి అటూ ఇటూ ఇద్దరం కూర్చున్నాం. అక్క మాంసం పులుసు పోసిచ్చింది, నేను గిన్నె పక్కన పెట్టాను. అప్పుడు చెప్పేశాను.

"అక్కా, రేకు నోట్లోనే ఉంది. దాన్ని చూశాను. పడుకోమని ఊదొచ్చు. ఊదలేదు."

"తెలుసురా" అంది అక్క.

"ఎలా?"

"అది తలుపు దూకినప్పుడు నేను లేచేసరికే వాకిలి దాటేసింది. వెంటపడలేను కదా, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నీ ఈలలు యాభై ఏళ్ళకి పైగా వింటున్నాను, దేనికేదో నాకు తెలీదూ? ఇథెల్‌కి కనిపించగానే ఆపేస్తాడులే అనుకున్నా. పడుకోమని ఎప్పుడు ఊదుతావా అని వింటూ ఉన్నాను." చెంచా గిన్నెలో పెట్టేసింది. "ముందుకు ఊదావు. రెండుసార్లు."

ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. నెల్ చెవి వెనక రాస్తూ కూర్చుంది.

పొద్దున్న హెలెద్ కారు వాకిట్లోకి వచ్చింది. కొట్టంలో కాప్‌గాడు మొరిగాడు. ఆ చప్పుడుకి నెల్ ముందుకాళ్ళు నేలకి తన్ని లేవబోయింది. పనికి పిలుపనుకుంది. వెనక సగం కదలక, మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ. అక్క పట్టుకున్నా ఊరుకోవడం లేదు. హెలెద్ పెట్టె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్క నా వంక చూసింది. "ఇప్పుడన్నా ఊదరా" అంది.

జేబులోంచి రేకు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పెదవులు కుదరలేదు, ఒకసారి ఉత్త గాలే వచ్చింది. తర్వాత ఊదాను, వంటింటికి సరిపోయేంత మెల్లగా, ఒకే స్వరం, పొడుగ్గా. కొండమీద ఊదాల్సింది.

నెల్ వెంటనే ముందుకాళ్ళు చాపి, గడ్డం వాటి మీద ఆనించి పడుకుంది. అదెప్పుడూ మొదటి ఈలకే పడుకునేది.